గుంటూరు నుంచి ఒక రోజు కారు, మా వాలంటీర్లకి దొరికిన ఒకే ఒక్క సెలవు

నేను గుంటూరులో చర్చి సంఘం వాళ్ళు నడిపే హాస్టల్ స్కూల్లో టీచర్ని. ఏటా అమెరికా నుంచి ఇద్దరో ముగ్గురో వాలంటీర్లు వచ్చి మూడు నాలుగు వారాలు ఉండి పిల్లలకి ఇంగ్లీషు చెప్పి వెళ్తారు. ఈసారి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు, 68 ఏళ్ళు, వచ్చిన రెండో రోజుకే పిల్లలంతా మామ్మగారు అనేశారు, ఆవిడతో పాటు కాలేజీ చదివే అమ్మాయి ఒకతి. వీళ్ళకి సెలవు అనేది నిజంగా దొరకదండీ. వారమంతా క్లాసులు, ఆదివారం మనకి సెలవు గానీ వాళ్ళకి పొద్దున సండే స్కూలు, తర్వాత ఆరాధన, మధ్యాహ్నం సంఘంలో ఎవరో ఒకరింట్లో భోజనం, కాదంటే వాళ్ళు బాధపడతారు, సాయంత్రం మళ్ళీ ప్రార్థన కూడిక. ఇంక మిగిలేది రెండో శనివారం. ఆ ఒక్క రోజుకి కారు మాట్లాడాం, దాని గురించే రాస్తున్నా.

అరండల్‌పేటలో చిన్న ట్రావెల్స్ ఇది, మొత్తం మూడే బండ్లు. ఎర్టిగా, పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా 4,200కి మాట్లాడుకున్నాం, డీజిల్ అందులోనే, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా మనవి. మొదట రేటు కొంచెం ఎక్కువే అనిపించింది, కానీ పోయినేడు వేరే చోట తక్కువకొచ్చిందని తీసుకుని బాగా బాధపడ్డాం, ఆ డ్రైవరు దారంతా ఫోన్లోనే, అడక్కుండానే ఒక చీరల షాపు ముందు ఆపి గంట కూర్చోబెట్టాడు, పాపం వచ్చిన వాళ్ళు మొహమాటానికి కొనుక్కున్నారు కూడా. ఆ భయం నాకు ఇంకా ఉంది.

ఈసారి వచ్చిన డ్రైవర్ బాబాయ్‌కి యాభై దాటి ఉంటాయి. నేను లిస్టు రాసుకెళ్ళా, మంగళగిరి, ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం, గుణదల, కొండపల్లి, బీసెంట్ రోడ్డు. ఆయన కాగితం చూసి "టీచరమ్మా, అన్నీ తిప్పుతాను, బండికేం ఇబ్బంది లేదు, మామ్మగారే తిరగలేరమ్మా, రెండు మూడు తీసెయ్యండి" అన్నాడు. నేను వినలేదు. వాళ్ళు మళ్ళీ వస్తారో రారో, ఉన్న ఒక్క రోజులో అన్నీ చూపించాలని నా ఆశ.

బయల్దేరేటప్పుడు మామ్మగారు కుగ్లర్ ఆసుపత్రి దగ్గర ఐదు నిమిషాలు ఆపమని అడిగారు. ఆవిడ లూథరన్, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, 1842లో ఆ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు రావడం, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి ఇక్కడి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టడం ఇవన్నీ చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నారట. గేటు దగ్గర నిలబడి చూస్తుంటే బాబాయ్ వెనకాలే వచ్చి "మా అమ్మ నన్ను కన్నది ఇక్కడేనమ్మా" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు, ఒక్క మాట లేదు. బాబాయ్ కూడా చెయ్యి లాక్కోలేదు.

ఉండవల్లికి ఎండెక్కక ముందే చేరాలని ఆయనే మంగళగిరి వదిలేసి నేరుగా తీసుకెళ్ళాడు, మంచి పని చేశాడు. పైన అనంతపద్మనాభస్వామి పడుకున్న అంతస్తుకి ఎక్కాం, కొండ రాతిలోనే చెక్కేసిన అంత పెద్ద విగ్రహం, లోపల చల్లగా చీకటిగా ఉంటుంది, బయటికొస్తే ఎదురుగా పచ్చటి పొలాలు. ఆ అమ్మాయి అక్కడే అరగంట కూర్చుండిపోయింది. కిందికొస్తే బాబాయ్ హారన్ కొట్టలేదు, ఫోన్ చెయ్యలేదు, బండి నీడలోకి జరిపి పెట్టుకుని ఉన్నాడు.

తర్వాత సీతానగరం వైపు ఆగాం. నేనూ ఆ అమ్మాయీ బ్యారేజీ మీద నడుద్దామని దిగాం, కిలోమీటరు పైనే ఉంటుంది కదా, 1957లో కట్టింది, మొత్తం 70 గేట్లు అని చెప్తే ఆ పిల్ల లెక్కపెడతానని మొదలుపెట్టి 43 దగ్గర తప్పిపోయింది. మామ్మగారు బండిలోనే కూర్చుంటానన్నారు. మేము తిరిగొచ్చేసరికి ఆవిడ నిద్రపోతున్నారు. సీటు వెనక్కి వాల్చి ఉంది, నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి, తల కింద బాబాయ్ తువ్వాలు మడతపెట్టి ఉంది, కృష్ణ మీద గాలి వచ్చి ఆవిడ తెల్ల జుట్టు ఎగురుతోంది. బాబాయ్ బయట ఎండలో నిలబడి, పూలు అమ్మే పిల్లలు అద్దం దగ్గరికి రాబోతుంటే కసరకుండా వేలు పెదవి మీద పెట్టి చూపిస్తున్నాడు, వాళ్ళు కూడా చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతున్నారు.

నాకు పడవ టైము గుర్తొచ్చి లేపబోయా, భవానీ ద్వీపానికి వెళ్ళాలంటే పున్నమి ఘాట్‌కి అప్పుడే బయల్దేరాలి. "లేపొద్దమ్మా, ఎన్నాళ్ళయిందో ఆవిడ నిద్రపోయి" అన్నాడు. నిజమే, రాత్రి పదకొండు దాకా పిల్లల నోట్సులు దిద్దడం, తెల్లారి ఐదుకి హాస్టల్ గంటకి లేవడం, మూడు వారాలుగా నేను చూస్తూనే ఉన్నా గానీ ఆవిడ అలిసిపోయారని నాకు తట్టలేదు. గంటన్నర పడుకున్నారు. లేచి నన్ను చూసి సారీ సారీ అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

ద్వీపం పోయింది, కొండపల్లి, బీసెంట్ రోడ్డు కూడా. నెమ్మదిగా భోంచేసి సాయంత్రం గుణదల ఒక్కటీ వెళ్ళాం. మరియమాత దగ్గర కొబ్బరికాయలు కొట్టడం, తలనీలాలు ఇవ్వడం చూసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు, ఇది మన ఆంధ్రా పద్ధతి, ఇక్కడికి అన్ని మతాల వాళ్ళూ వస్తారు, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలకైతే కాలు పెట్టే చోటుండదు అని చెప్పా. బాబాయ్ వాళ్ళావిడ ఏటా వస్తుందట, ఆయన కూడా చెప్పులు విప్పి మాతో పాటు కొవ్వొత్తి వెలిగించాడు.

లోపాలు కూడా చెప్పాలి. మధ్య సీట్లో ఎడమవైపు సీటు బెల్టు బకిల్ సీటు కవరు కిందకి పోయింది, తవ్వి తీయాల్సొచ్చింది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే చూసుకోండి. వెనక వరసకి ఏసీ సరిగ్గా అందదు. బిల్లు అప్పటికప్పుడు ఇవ్వలేదు, సంఘం లెక్కల్లో చూపించాలి కదా, రెండు సార్లు ఫోన్ చేస్తే మూడో రోజు లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిచ్చారు.

బయటి నుంచి వచ్చిన వాళ్ళని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఈ బాబాయ్‌నే పంపమని గట్టిగా అడగండి, మిగతా ఇద్దరు డ్రైవర్లు ఎలాంటివాళ్ళో నేను చూడలేదు. డిసెంబర్, జనవరిలో ఆయన శబరిమల ట్రిప్పుల్లో ఉంటాడట, ఆ నెలల్లో కావాలంటే కనీసం ఇరవై రోజుల ముందే చెప్పుకోండి.