జాగ్రత్త: డెమో చూసి బిల్లింగ్ యాప్ కొనకండి, ముందు మీ ఫోన్‌లో ఇవి చేసి చూడండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు ఎరువుల దుకాణాలకు, కిరాణాలకు బిల్లింగ్, ఉద్దెర ఖాతాల యాప్ ఒకటి అమ్ముతూ తిరుగుతున్నారు. జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లో అదే సరుకు వేరే పేరుతో, వేరే రంగుతో దొరుకుతోంది. ఏడాది చందా ముందే కట్టించుకుంటారు. డెమో వాళ్ల ఫోన్‌లోనే చూపిస్తారు. ఆ ఫోన్ కొత్తది, ఐటమ్‌లు నాలుగైదే, పేర్లన్నీ ఇంగ్లిషులో, నెట్ ఫుల్లు. అక్కడ అంతా తళతళలాడుతుంది. వానాకాలం గిరాకీ మీద పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. కొన్న దుకాణాల్లో తేలిన లోపాలు, వాటికి కారణాలు, పైసలు కట్టకముందే పట్టుకునే తీరు ఇక్కడ రాస్తున్నాం. యాప్ పేరు రాయడం లేదు. రేపు పేరు మార్చుకుని మళ్లీ వస్తుంది, లోపాలు మాత్రం ఇవే ఉంటాయి.

బస్తాల సంఖ్య కొట్టే గడి దగ్గర మొదలుపెట్టండి. ఐటమ్ ఎంచుకోగానే ఆ గడిలో ముందే 1 కూర్చుని ఉంటుంది. ఐదు బస్తాలని 5 కొడితే 15 అవుతుంది, ఎందుకంటే కర్సర్ ఆ 1 పక్కన నిలబడి ఉంది. రద్దీలో చూసుకోకపోతే పదిహేను బస్తాల బిల్లు రైతు చేతికి పోతుంది, లెక్కలో పది బస్తాలు మాయం. గడిని ముట్టుకోగానే పాత అంకె మొత్తం సెలెక్ట్ అయ్యేలా పెట్టడం ఆండ్రాయిడ్‌లో ఒక్క లైను పని. అది కూడా రాయలేదంటే, చేసినవాళ్లు గల్లా దగ్గర కూర్చుని ఒక్క బిల్లూ కొట్టి చూడలేదన్నమాట. అంకెలు కొట్టాల్సిన చోట అక్షరాల కీబోర్డు వస్తే ఇక ఆ యాప్ జోలికే పోవద్దు. ఇంకోటి, యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50. అన్నిటికీ 50 అని లోపలే రాసిపెట్టి, మార్చుకునే వీలు ఇవ్వకపోతే మీ స్టాకు లెక్క ఏనాటికీ కలవదు.

తర్వాత సేవ్ బటన్. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు నొక్కితే తెరమీద ఏమీ కదలదు. ఏమీ కదలకపోతే ఎవరైనా ఏం చేస్తారు, మళ్లీ నొక్కుతారు. ఒకే సరుకుకు రెండు బిల్లులు పడతాయి, రైతు ఉద్దెర రెండింతలవుతుంది. సరిగ్గా చేసిన యాప్‌లో మొదటి నొక్కుతోనే బటన్ ఆగిపోతుంది, ‘సేవ్ అవుతోంది’ అని కనిపిస్తుంది. ప్రతి బిల్లుకూ ఫోన్‌లోనే ఒక గుర్తింపు పడుతుంది కాబట్టి అదే బిల్లు రెండోసారి వచ్చినా సర్వర్ (బిల్లులన్నీ చేరే కంపెనీ కంప్యూటర్) దాన్ని పక్కన పెడుతుంది. పరీక్ష సులువు: ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒక బిల్లు కొట్టండి, సేవ్‌ను గబగబా నాలుగైదు సార్లు నొక్కండి, నెట్ ఆన్ చేసి ఎన్ని బిల్లులు పడ్డాయో చూడండి. నెట్ లేకపోతే బిల్లే కొట్టనివ్వని యాప్ మన ఊళ్లకు పనికిరాదు, అక్కడితో ఆపేయండి.

సగం బిల్లు మీద ఉండగా ఫోన్ రావడం మామూలే. మాట్లాడి, వాట్సాప్‌లో ఒక ఫొటో చూసి తిరిగి వచ్చేసరికి ఈ యాప్‌లో బిల్లు ఖాళీ. 2, 3 జీబీ ర్యామ్ ఫోన్లలో ఇది తరచూ జరుగుతుంది. జాగా చాలనప్పుడు వెనకున్న యాప్‌ను ఆండ్రాయిడే మూసేస్తుంది. అలా మూసేస్తుందని తెలిసి, కొట్టినంతవరకు దాచిపెట్టడం యాప్ చేసినవాళ్ల బాధ్యత. దీన్ని కొత్త ఫోన్‌లోనైనా పట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ కింద బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ ఆన్ చేయండి. మూడు ఐటమ్‌లు వేసి, హోమ్ బటన్ నొక్కి, మళ్లీ యాప్‌లోకి రండి. మూడూ ఉంటే సరే. చూశాక ఆ ఆప్షన్ ఆఫ్ చేయడం మరవొద్దు, లేకపోతే ఫోన్ మొత్తం సతాయిస్తుంది.

తెలుగు విషయంలో జర ఓపికగా చూడండి, ఎక్కువ మోసం ఇక్కడే. ‘తెలుగులో ఉంది’ అంటే వీళ్ల లెక్కలో మెనూ నాలుగు మాటలు తెలుగులో ఉండటమే. మీ సరుకు పేర్లు, మీ రైతుల పేర్లు తెలుగులో ఎక్కించి చూడండి. వరుస ఎత్తును ఇంగ్లిషు అక్షరాలకు కొలిచి బిగించేస్తారు. మన గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కదా, ‘లక్ష్మి’, ‘కాంప్లెక్స్’ లాంటి మాటల్లో వత్తు సగం కోసుకుపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టి మళ్లీ తెరవండి. పెద్ద వయసు సేట్లు వాడేది ఆ సైజే. అక్షరం పెరగకపోయినా, పెరిగి బటన్ మీద బటన్ ఎక్కినా, పని సగంలో వదిలేశారని అర్థం.

ఉద్దెర జాబితా ఇంకా ప్రమాదం. ఒక ఊళ్లో నలుగురు యాదయ్యలుంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ఒకే వరుసలో పెట్టి, జాగా చాలక చివర మూడు చుక్కలు పెడితే కోసుకుపోయేది సరిగ్గా ఊరి పేరే. ఒక యాదయ్య బాకీ ఇంకో యాదయ్య ఖాతాలో పడుతుంది, యాసంగి వసూళ్లప్పుడు పంచాయితీ మీ గడప ముందు. ఊరు, ఫోన్ నంబరు చివరి అంకెలు పేరు కింద రెండో వరుసలో కనిపించాలి.

వెతకడం చూడండి. ‘యూరియా’ అని తెలుగులో కొట్టినా, ఇంగ్లిషులో కొట్టినా దొరకాలి. ‘సూపర్‌ఫాస్ఫేట్’ లాంటి మాటలో ర్‌కూ ఫాకూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, రెండూ కలిసిపోకుండా. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకోటి వేయదు. వెతికేటప్పుడు ఆ గుర్తును పక్కన పెట్టి పోల్చకపోతే ఉన్న సరుకునే లేదంటుంది, కుర్రాడు అదే ఐటమ్‌ను కొత్తగా మళ్లీ ఎక్కిస్తాడు.

ప్రింటు మీ ప్రింటర్‌లోనే తీయించండి. 58 మిల్లీమీటర్ల చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు ఉండవు. యాప్ బిల్లును బొమ్మగా గీసి పంపాలి, వరుసకు 384 చుక్కలకు సరిపోయేలా. అలా చేయకపోతే పేర్ల చోట ప్రశ్నార్థకాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. 80 మిల్లీమీటర్ల పెద్ద ప్రింటర్‌కు చేసిన బిల్లునే కుదించి పంపితే చీమ తలకాయంత అక్షరాలు.

రంగుల గురించి ఒక్కమాట చాలు: తెల్లటి తెర మీద లేత బూడిద అక్షరాలు ఏసీ గదిలో అందంగా ఉంటాయి, ఎండపొడ పడే దుకాణంలో కనబడవు. చిన్న అక్షరానికి, వెనక రంగుకు వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే కొలత. బటన్‌కు గూగుల్ చెప్పే కొలత 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ఈ యాప్‌లో డిలీట్ గుర్తు అంతకంటే చిన్నది, పైగా సేవ్‌కు ఆనుకునే ఉంది, పొరపాటున నొక్కితే వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

జీఎస్టీ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా సరుకులు 12, 28 శాతం నుంచి 5, 18లోకి మారాయి. ఏ ఐటమ్‌కైనా పన్ను శాతం మార్చి, దాని పాత బిల్లు తెరిచి చూడండి. పాత బిల్లులో కూడా కొత్త శాతం కనిపిస్తే, ఆ యాప్ బిల్లు నాటి రేటును దాచుకోవడం లేదు. రిటర్నులకూ మీ బిల్లులకూ పొంతన ఉండదు. రేటు మార్చాలంటే మాకు ఫోన్ చేయండి అనేవాళ్లనూ నమ్మొద్దు.

పర్మిషన్లలో బ్లూటూత్, కెమెరా అడగడం న్యాయమే, ప్రింటర్‌కు, బార్‌కోడ్‌కు కావాలి. ఆండ్రాయిడ్ 11, అంతకంటే పాత ఫోన్లలో బ్లూటూత్ ప్రింటర్‌ను వెతకడానికి లొకేషన్ కూడా అడుగుతుంది, దానికి కంగారు పడొద్దు. ఎస్సెమ్మెస్‌లు ఎందుకు చదవాలో మాత్రం గట్టిగా అడగండి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లేస్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) పంపి ఎక్కించుకోమంటే అసలే వద్దు.

ఇప్పటికే కట్టినవాళ్లు ముందు డేటా బయటకు తీసుకోండి. అది సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టిక) వస్తే, దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు పిచ్చి అక్షరాలుగా కనిపించొచ్చు, డేటా పోలేదు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్’ నుంచి యూటీఎఫ్-8 (తెలుగును సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకుని తెరవండి. వాళ్లు ఇచ్చిన మాటల మెసేజ్‌లు, రసీదు, ఒక్కో లోపం స్క్రీన్‌షాట్ దాచండి. ఆటోపే పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లోకి వెళ్లి రద్దు చేయండి, బిల్లింగ్ యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. చందా ఆపే దారిని దాచిపెట్టడం 2023 నవంబర్ 30న కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తికమకపెట్టే తెర మీది ఎత్తులు) మార్గదర్శకాల్లోని 13 రకాల్లో ఒకటి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదని వాళ్లు అడ్డం తిరగొచ్చు. సొంతంగా కష్టపడి బతుకుదెరువు కోసం నడుపుకునే దుకాణానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, ఆ మాట ఫిర్యాదులోనే రాయండి. యాప్ తీసేయడం అన్నిటికంటే చివర: సర్వర్‌కు చేరని బిల్లులు ఫోన్‌లోనే ఉంటాయి, తీసేస్తే వాటితోపాటే పోతాయి.