ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్: చిప్పు తోడుంటేనే అసలు వేగం

నల్లగొండలోని మా చిన్న కార్యాలయంలో రోజువారీ లెక్కల బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని ఏడాదిగా వాడుతున్నాను. ఇంటెల్ 2010లో తన ప్రాసెసర్లలో ప్రవేశపెట్టిన, ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని చిప్పులోనే నడిపే ఏఈఎస్-ఎన్‌ఐ ఆదేశాలను ఇది తానే గుర్తించి వాడుకుంటుంది. 128 బిట్ల కీ వాడే ఏఈఎస్-128లో డేటాను కలగలిపే 10 రౌండ్లలో ఒక్కొక్కటీ ఒక్క ఆదేశంతోనే పూర్తవుతుంది కాబట్టి, మెమరీలోని పట్టికలను వెతికే పాత పద్ధతి కన్నా వేగం అనేక రెట్లు పెరగడమే కాక, ప్రాసెసర్‌లోని క్యాష్ (తాత్కాలిక మెమరీ) స్పందించే సమయాలను కొలిచి రహస్య కీని పసిగట్టే దాడులకూ అడ్డుకట్ట పడుతుంది. అయితే వేగం కొలిచే స్పీడ్ కమాండుకు పాత వెర్షన్లలో ఈవీపీ (లైబ్రరీలోని ఉన్నత స్థాయి ఇంటర్‌ఫేస్) ఆప్షన్ జోడించకపోతే ఈ తోడ్పాటు లెక్కలోకి రాదు. నేనూ మొదట్లో అలాగే పొరబడి, పాపం, చిప్పును నిందించాను. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో ఇటువంటి ఆదేశాలు లేనందున అక్కడ చాచా20 అనే మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతి మేలు. సహాయ పత్రాలు మాత్రం కొత్తవారికి ఒక పట్టాన కొరుకుడు పడవు.