హాక్ మౌంటెన్ డేగలు: ఏప్రిల్‌లో వెళ్లాలా, సెప్టెంబరులోనా?

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉండే మనవాళ్లకి ఏటా వచ్చే సందేహం ఇది. పెన్సిల్వేనియాలోని ఈ కొండ 1934 నుంచి వేటపక్షులకు అభయారణ్యం. వలసపోయే పక్షుల లెక్క వసంతం, శరత్తు రెండు కాలాల్లోనూ జరుగుతుంది.

సంఖ్య: శరత్తుదే పైచేయి, సగటున 18 వేల దాకా. వసంతంలో అందులో పదో వంతు కూడా కనిపించవు. ఆ ఏడు పుట్టిన పిల్లలూ కలిసి దక్షిణానికి పోతాయి మరి. చలికాలం దాటి వెనక్కొచ్చేవి తక్కువ.

గుర్తుపట్టడం: ఇక్కడ నా ఓటు ఏప్రిల్‌కే. వచ్చేవి ఎక్కువగా పెద్దవి. బ్రాడ్‌వింగ్‌డ్ హాక్ అనే డేగ తోక మీది నలుపు తెలుపు పట్టీలు బైనాక్యులర్‌లో తేటగా కనిపిస్తాయి. సెప్టెంబరులో గోధుమరంగు చారల పిల్లలు బుర్ర తినేస్తాయి.

లెక్కపెట్టడం: వేడిగాలి మీద గిరగిరా తిరిగే గుంపును అప్పుడే లెక్కించబోతే ఒకే డేగ రెండుసార్లు పడుతుంది. పైకెక్కి, రెక్కలు చాచి వరసగా జారిపోయేటప్పుడు లెక్కపెట్టాలి. ఏప్రిల్ గుంపులు చిన్నవి, చెయ్యి తిరుగుతుంది. సెప్టెంబరులో క్లిక్కర్ (నొక్కితే అంకె పెరిగే చేతి లెక్కయంత్రం) మీద బొటనవేలు ఆగదు.

శ్రమ: డేగల్ని చూసే బండ నార్త్ లుకౌట్‌కి మైలు దూరం రాళ్లదారి, ఎప్పుడైనా అంతే. అమ్మానాన్నలు వస్తే దగ్గర్లోని సౌత్ లుకౌట్ చాలు. ఏప్రిల్‌లో స్వెట్టర్ మర్చిపోకండి, బండమీద గాలి కోసేస్తుంది.

రిస్క్: వసంతంలో దక్షిణపు గాలి లేకపోతే ఖాళీ ఆకాశం, పులిహోర డబ్బా.

పిల్లలతో ఒక్కసారే వెళ్లేదైతే సెప్టెంబరు మధ్యలో వెళ్లండి. జనం తక్కువగా, లెక్క నేర్చుకోవాలంటే ఏప్రిల్ చివరి వారం.