సిబిల్ పోయినా బ్యాంకు అకౌంట్ తెరిపిస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

పాత అప్పుల వల్ల బ్యాంకులకి దూరమై, ఇప్పుడు మళ్లీ అకౌంట్ తెరవాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఒక ఏజెంటుకి ఏడు వేలు కట్టి మోసపోయాను. డబ్బు పోతే పోయింది, నా పేరు మీద తెరిచిన అకౌంట్‌లో ఎవరెవరి సొమ్మో తిరిగింది. అదీ అసలు బాధ.

ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. మామూలు సేవింగ్స్ అకౌంట్ తెరవడానికి సిబిల్ స్కోరు, అంటే మన అప్పులు ఎలా కట్టామో చూసి ఇచ్చే మార్కు, అక్కర్లేదు. స్కోరు చూసేది అప్పు ఇచ్చేటప్పుడు. మన డబ్బు మనం దాచుకుంటామంటే బ్యాంకు మనకేమీ అప్పు ఇవ్వడం లేదు కదా. ఇది నాకు ముందే తెలిసుంటే ఆ ఏజెంటు గుమ్మం ఎక్కేవాణ్ణి కాదు.

గుంటూరులో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మూతపడింది, మళ్లీ తెరవలేకపోయాం. పర్సనల్ లోన్ ఒకటి, క్రెడిట్ కార్డు ఒకటి, రెండూ ఒకే బ్యాంకులో. ఈఎంఐలు ఆగాయి, రికవరీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ మోగితే చాలు గుండె దడ. కార్డు బాకీ సెటిల్‌మెంట్ చేసుకున్నాను, లోన్ మాత్రం ఇంకా మిగిలే ఉంది. నాలుగేళ్లు ఏ బ్యాంకు గడపా తొక్కలేదు.

తర్వాత మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరికింది. జీతం అకౌంట్‌లోనే వేస్తామన్నారు. రెండు నెలలు మా బావమరిది అకౌంట్‌లో వేయించుకున్నాను. అతను మంచివాడే, కానీ నా జీతం కోసం ప్రతి నెలా ఇంకొకరిని అడగడం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. ధైర్యం చేసి పాత బ్యాంకుకే వెళ్లాను. కౌంటర్లో ఆయన పాన్ నంబరు కొట్టి చూసి, "మీ పేరు మీద బాకీ ఉంది, అది కట్టాక రండి" అన్నాడు, వెనక నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా. అది ఆ ఒక్క బ్యాంకు సంగతి. నేనేమో అన్ని బ్యాంకులూ ఇంతే అనుకుని తల దించుకుని వచ్చేశాను.

ఆ వారంలోనే కరెంటు స్తంభం మీద స్టిక్కర్ కనపడింది. సిబిల్ క్లియర్ చేస్తాం, బ్లాక్ అయినవాళ్లకి కూడా అకౌంట్ తెరిపిస్తాం అని, కింద ఫోన్ నంబరు. జెరాక్స్ షాపు పైన ఒక గది, అందులో ఇద్దరు కుర్రాళ్లు. చాలా మర్యాదగా మాట్లాడారు. "అన్నా, మీలాంటి వాళ్లు రోజుకి పదిమంది వస్తారు, టెన్షన్ పడకండి" అన్నాడు ఒకడు. నాలుగేళ్లలో నా అప్పు గురించి నాతో అంత మెత్తగా మాట్లాడినవాళ్లు లేరు. అందుకే నమ్మాను.

వాళ్లు అడిగినవి ఇవి: ఏడు వేల రూపాయలు, ఆధార్, పాన్, నా పేరు మీద ఒక కొత్త సిమ్. కొత్త సిమ్ ఎందుకంటే, "పాత నంబరు ఇస్తే రికవరీ వాళ్లు కనిపెట్టేస్తారన్నా, కొన్నాళ్లు సిమ్ మా దగ్గరే ఉండనివ్వండి, వెరిఫికేషన్ కాల్స్ మేం చూసుకుంటాం" అన్నాడు. రికవరీ ఫోన్లతో విసిగి ఉన్నవాడికి ఇంతకన్నా మంచి మాట ఏముంటుంది? వేలిముద్ర మిషన్ మీద మూడుసార్లు బొటనవేలు పెట్టించాడు. రెండోసారి "సర్వర్ స్లోగా ఉంది" అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు, నా వేలు తనే గుడ్డతో తుడిచి మిషన్ మీద పెట్టాడు.

అకౌంట్ నంబరు వారంలోనే ఇచ్చారు, పాస్‌బుక్కూ ఇచ్చారు. ఏటీఎం కార్డు మాత్రం "కిట్ రాలేదన్నా" అంటూ నెల్లాళ్లు తిప్పారు. మెసేజులు వాళ్ల దగ్గరున్న సిమ్‌కే వెళ్తున్నాయి కాబట్టి నాకేమీ తెలియలేదు. మొదటి జీతం పడిందో లేదో చూద్దామని బ్రాంచికి వెళ్లి మిషన్లో పాస్‌బుక్ పెట్టాను. అది ప్రింట్ చేస్తూనే ఉంది. ఒక పేజీ అయిపోయి రెండో పేజీ తిప్పమంది. తొమ్మిది వేల అయిదు వందలు వచ్చాయి, వెంటనే పోయాయి. ఇరవై నాలుగు వేలు వచ్చాయి, పోయాయి. అన్నీ నేనెరగని పేర్లే. నా జీతం ఎక్కడో మధ్యలో ఒక్క లైను, దాని కింది లైన్లో అదీ డ్రా అయిపోయింది. అక్కడి మేడం చూసి, "ఈ అకౌంట్ మీరే వాడుతున్నారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అప్పటికే అకౌంట్ ఫ్రీజ్ అయి ఉంది.

ఇలా వాడే అకౌంట్లని మ్యూల్ అకౌంట్లు అంటారని సైబర్ క్రైమ్ స్టేషన్లో చెప్పారు. ఆన్‌లైన్ మోసాల్లో జనం పోగొట్టుకున్న డబ్బుని ఇలాంటి అకౌంట్ల మీదుగా దాటిస్తారు. పోలీసులు ముందు పట్టుకునేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లనే. డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఏజెంటుతో నడిచిన వాట్సాప్ చాట్ నేను తీసేయకుండా ఉంచాను కాబట్టి నా మాట విన్నారు. దయచేసి మీరూ చాట్లు డిలీట్ చేయకండి. తర్వాత మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించే ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో చూస్తే నా పేరు మీద నేను అడగని సిమ్ ఇంకొకటి ఉంది. మూడో వేలిముద్ర దానికే అయ్యుంటుంది. "ఇది నా నంబరు కాదు" అని అక్కడే రిపోర్టు చేశాను.

ఇప్పుడు నా జీతం వేరే ప్రభుత్వ రంగ బ్యాంకులో పడుతోంది. అక్కడ ఆధార్, పాన్, రెండు ఫోటోలు ఇచ్చాను. ఒక్క రూపాయి తీసుకోలేదు, పాత అప్పు సంగతి ఎవరూ అడగలేదు. కౌంటర్లో "బేసిక్ సేవింగ్స్ అకౌంట్ కావాలి" అని ఆ పేరుతోనే అడగండి, లేకపోతే మినిమమ్ బ్యాలెన్స్ ఉండే అకౌంట్ అంటగడతారు. ఈ బేసిక్ అకౌంట్ అందరికీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకి చెప్పింది. మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకి కనీసం నాలుగు విత్‌డ్రాలు ఉచితం. 2014లో మొదలైన జన్ ధన్ అకౌంట్ కూడా జీరో బ్యాలెన్స్‌దే.

బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం వేయించుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. అకౌంట్‌లో పడిన డబ్బుని పాత బాకీ కింద పట్టుకునే హక్కు బ్యాంకులకి ఉంటుంది. కంపెనీ వాళ్లు అదే బ్యాంకు అంటే ముందుగా మాట్లాడి వేరే బ్యాంకు అకౌంట్ ఇవ్వండి. నేను లోన్ ఎగ్గొట్టమని చెప్పడం లేదు, నేనూ నెలనెలా కొంత కడుతున్నాను. ఇంటి అద్దె కట్టాల్సిన రోజున జీతం మొత్తం ఆగిపోతే బతకడం ఎలా అని చెబుతున్నాను.

సిబిల్ క్లియర్ చేస్తామనేది కూడా అబద్ధమే. నిజంగా ఉన్న బాకీని రిపోర్టులోంచి ఏ ఏజెంటూ తీయించలేడు. తప్పుగా పడిన ఎంట్రీ అయితే మీరే ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు కూడా ఉచితమే. బ్యాంకు మీద ఫిర్యాదు ఉంటే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి, నెలలోగా తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టండి. దానికీ ఫీజు లేదు.

ఇప్పటికే ఎవరికైనా సిమ్, ఏటీఎం కార్డు ఇచ్చేసి ఉంటే వాళ్లని బతిమాలుతూ కూర్చోకండి. ఇవాళే బ్రాంచికి వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకోండి, అకౌంట్ ఆపమని రాసిచ్చి, ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. సిమ్ బ్లాక్ చేయించండి. మీ వేలిముద్రలు ఎవరూ వాడకుండా ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. ఆ తర్వాత స్టేషన్‌కి వెళ్లండి, ఒంటరిగా వెళ్లడానికి భయమైతే ఇంట్లో ఒకరికి సంగతి చెప్పి వెంట తీసుకెళ్లండి. నేను మా ఆవిడకి చెప్పడానికి నాలుగు రోజులు తీసుకున్నాను. ఆ నాలుగు రోజుల్లోనే రెండో సిమ్ వాడకంలోకి వచ్చింది.