వైజాగ్‌లో ఒక్కరోజు, ఇద్దరే: బీచ్ రోడ్డా, భీమిలి దారా?

వైజాగ్‌లో ఒక్కరోజే ఉంటాం, భార్యాభర్తలిద్దరమే, ఏం చూడమంటారు అని అడిగితే ఊళ్లోవాళ్లు గడగడా పది పేర్లు చెప్పేస్తారు. ఆ పదీ నెత్తిన పెట్టుకుంటే సాయంత్రానికి ఆటోలో కూర్చున్నదే గుర్తుంటుంది. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆర్కే బీచ్ నుంచి కైలాసగిరి దాకా ఊళ్లోనే తిరగడమా, రుషికొండ బీచ్ దాటి భీమిలి వైపు వెళ్లిపోవడమా? అరకు కూడా ఒక్కరోజులో చూసి రావచ్చనే వాళ్ల మాట మాత్రం వినకండి. పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కితే వెళ్లడానికే ఒక పూట పోతుంది.

ఊళ్లో తిరగడంలో సుఖం ఏంటంటే, చూడాల్సినవన్నీ దాదాపు ఒకే రోడ్డు మీద ఉంటాయి. వాటిలో తప్పక చూడాల్సింది కురుసుర. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరైన సబ్‌మెరైన్ అది. 91 మీటర్ల ఆ ఉక్కు గొట్టంలో మనుషులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూస్తుంటే, మన అద్దె ఇల్లు ఇరుకని ఇంకెప్పుడూ అనాలనిపించదు. అయితే లోపల వంగి దాటాల్సిన దారులున్నాయి, ఆవిడ చీరలో ఉంటే కాస్త అవస్థే. పైగా వెనకాల జనం క్యూలో ఉంటారు కాబట్టి తీరిగ్గా నిలబడి చూడనివ్వరు. ఎదురుగానే ఉన్న టీయూ-142 విమానం పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్లకు అరగంట చాలు.

కైలాసగిరి సంగతి వేరు. రోప్‌వే ఎక్కితే ఒకపక్క ఊరు, ఇంకోపక్క సముద్రం కనిపిస్తాయి. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాల దగ్గర ఫొటో దిగని జంట ఉండదు. ఆదివారం వెళ్లారా, ఆ ఫొటోలో మీతోపాటు ఇంకో నలభైమంది ఉంటారు. సాయంత్రం ఆర్కే బీచ్ కూడా అంతే. మురీ (మరమరాల) మిక్స్చర్ తింటూ అలలు చూడటం బాగుంటుంది కానీ, ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకునేలోపు బెలూన్లవాళ్లూ గుర్రాలవాళ్లూ వచ్చి నిలబడతారు. స్నానాల ఆలోచన మాత్రం వద్దు. అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి.

ఇక భీమిలి దారి. నా ఓటు దీనికే. 25 కిలోమీటర్ల పైచిలుకు దారిలో చాలామేర సముద్రం కుడిపక్కనే ఉంటుంది కాబట్టి ప్రయాణం కూడా చూడటంలోనే కలిసిపోతుంది. రుషికొండలో అరగంటకు మించి ఆగకండి, అసలైనవి ఆ తర్వాతే ఉన్నాయి. తొట్లకొండ మీద సుమారు రెండువేల ఏళ్లనాటి బౌద్ధ విహారం, స్తూపాల పునాదులు, భిక్షువుల గదుల వరసలు, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు చూడొచ్చు. 1988 తర్వాత తవ్వకాల్లో బయటపడ్డవి ఇవన్నీ. ఇటుకలు తప్ప ఏముంది అనేవాళ్లుంటారు. నిజమే, చూపించడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. కానీ కొండ అంచున నిలబడి కింద సముద్రాన్ని చూస్తే, ఈ జాగా ఎంచుకున్నవాళ్లకు ఎంత అభిరుచి ఉందో తెలుస్తుంది. గాలి తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

ఎర్రమట్టి దిబ్బలు అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు వెళితే వస్తాయి. వేల ఏళ్లపాటు గాలి, సముద్రం పోగేసిన ఇసుక అది. దానిలోని ఇనుము వల్ల ఎర్రబడింది, వాననీళ్లు కోసేయడంతో లోతైన గండ్లు పడ్డాయి. 2025లో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. ప్రీ వెడ్డింగ్ షూట్ల గుంపు లేని పూట చూసుకుని వెళ్లండి. గండ్లలో మరీ లోపలికి పోవద్దు, చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, పాత గడియార స్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఈ దారికి ఇబ్బందులూ ఉన్నాయి. సొంత బండో, అద్దె బైకో ఉండాలి. భీమిలికి సిటీ బస్సులున్నాయి గానీ, తొట్లకొండ మీదికి బస్సు ఎక్కదు. ఆటో అయితే వెయిటింగ్‌తో కలిపి ముందే బేరం మాట్లాడుకోవాలి. దారిలో నీడ తక్కువ, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఇంకా తక్కువ. రుషికొండలో ఆగేది అందుకు కూడా. ఏప్రిల్, మే నెలల్లో అయితే పొద్దున ఆరింటికే బయల్దేరాలి. పదకొండు దాటాక ఎర్రమట్టి మీద నిలబడటం కష్టం.

సోమవారం వస్తే ఆలోచించక్కర్లేదు, ఆ రోజు కురుసురకు సెలవు, భీమిలికి పొండి. చేతిలో బండి లేదు, రాత్రి రైలు ఉంది, టెన్షన్ పడలేం అనుకుంటే బీచ్ రోడ్డే నయం. కొత్తగా పెళ్లయినవాళ్లకే భీమిలి అనుకోవద్దు. రిటైరైన దంపతులు కారు మాట్లాడుకుంటే వాళ్లకూ అదే సుఖం. తొట్లకొండ మీదిదాకా కారు వెళుతుంది, కురుసురలోలాగా నడుం వంచి దాటే పని ఉండదు.