బీచ్‌లో నీలం, తెలుపు: సముద్రమా, ఐస్ గోలానా?

విశాఖ ఆర్కే బీచ్‌లో కనబడే నీలి సముద్రం, తెల్లటి ఐస్ గోలా (చెక్కిన ఐసు) రెండూ గ్లాసులో రంగులేనట్టు కనిపించే నీళ్లే. తేడా వెలుతురు నడిచే దారిలో ఉంది.

సముద్రంలో ఆ దారి పొడవు. 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపు వెలుతురు ఒక్క మీటరు దాటేసరికి నీటిలో దాదాపు సగం ఇంకిపోతుంది. నీలం పదుల మీటర్లు వెళ్లి, చెదిరి, కంటికి తిరిగొస్తుంది. గ్లాసులో అంత లోతేదీ, నీలం కనబడడానికి? ఆకాశం ప్రతిబింబమే కారణం కాదని 1921లోనే సి.వి. రామన్ చూపించారు. ఒడ్డున మట్టిరంగు మాత్రం బురద పని.

గోలాలో దారి ముక్కలు ముక్కలు. ఐసు దిమ్మ గాజులా ఉంటుంది, చెక్కగానే తెల్లబడుతుంది. ఐసు పలుకు గాలిని తాకే ప్రతి అంచూ సుమారు 2 శాతం వెలుతురును, అన్ని రంగులనూ సమానంగా, తిప్పికొడుతుంది. అలాంటి అంచులు వేలల్లో. హిమానికీ, అల నురగకూ ఇదే లెక్క. రంగులేని చల్లటి నీళ్లు పోసి చూడండి: సందుల్లో గాలి పోయి తెలుపు తగ్గిపోతుంది.