సప్తగిరి సర్కిల్ దగ్గరి జీఎస్టీ కన్సల్టెంటు: పని బాగుంది, ఫోన్ మాత్రం ఎత్తరు

మాది అనంతపురంలో గానుగ. చెనిక్కాయ నూనె, నువ్వుల నూనె ఆన్‌లైన్లో అమ్ముతాం, సగానికి పైగా ఆర్డర్లు బెంగళూరు నుంచే. ఇంతకుముందు వేరే ఒకాయన దగ్గర రిటర్నులు వేయించేవాళ్ళం, పేరు వద్దులెండి. ఆయన 14 నెలలు ప్రతి అమ్మకాన్నీ లోకల్ కిందే, అంటే రాష్ట్రం లోపలి అమ్మకంగానే చూపించారు. అడిగితే "నూనె మీద ఎటూ 5 శాతమే కదమ్మా" అనేవారు. కొనేవాళ్ళకి తేడా లేదు, నిజమే. కానీ మన సరుకు గుంటూరుకు పోతే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 2.5, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 2.5 కట్టాలి, కర్ణాటకకు పోతే మొత్తం 5 ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల పన్ను) కింద కట్టాలి, అందులో రాష్ట్రం వాటా సరుకు చేరిన చోటికి పోతుంది. మేమేమో బెంగళూరు వాటా కూడా ఆంధ్రాకే కడుతూ వచ్చాం.

ఈ ఆఫీసు గురించి మా తోడికోడలు చెప్పింది. సార్ బిల్లులు అడగలేదు, ఆర్డర్ల ఎక్సెల్ షీటు తెప్పించుకుని పిన్‌కోడ్ ప్రకారం వరుస పెట్టారు. రాష్ట్రం పేరు జనం ఇష్టమొచ్చినట్టు కొడతారు, పిన్‌కోడ్ తప్పితే పార్సిల్ రాదని అదొక్కటీ జాగ్రత్తగా కొడతారట. 515 అంటే మన జిల్లావైపు, 560 అంటే బెంగళూరు. పావగడ దగ్గర నేనే బోల్తా పడ్డాను. చుట్టూ చాలావరకు మన ఊళ్ళే, మాట్లాడేదీ తెలుగే, కానీ 561 కదా, కర్ణాటక, ఐజీఎస్టీ!

ఇంకోటి. ఇక్కడుండే నాన్న డబ్బు కట్టి బెంగళూరులో కూతురికి పంపిస్తే? బిల్లింగ్ అడ్రస్ అనంతపురమని లోకల్ వేయకూడదు, డెలివరీ అడ్రసే లెక్క అని 2024 జూన్‌లో సర్క్యులర్ వచ్చిందట, దాన్ని తెరిచి చూపించారు. హైదరాబాద్ కొడుకు గుంతకల్లులో అమ్మకి పంపిస్తే మాత్రం లోకలే.

పాత తప్పుకి 31 వేలు ఐజీఎస్టీగా మళ్ళీ కట్టి, ముందు కట్టింది రీఫండ్ అడగాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, చేతిలో డబ్బు లేని నెల అది. ఇలా తలకిందులైన కేసుకి వడ్డీ ఉండదని ఆయన చెప్పాక కాస్త టెన్షన్ తగ్గింది. ఇంకో సంగతి కూడా బయటపడింది: మేము అమ్మే సైటువాళ్ళు టీసీఎస్ కింద, అంటే మా అమ్మకాల డబ్బులోంచి ముందే పన్నుగా పట్టుకునే 0.5 శాతాన్ని పాతాయన పోర్టల్లో ఒక్కసారి కూడా యాక్సెప్ట్ చేయలేదు. అందుకే ఆ డబ్బు మా క్యాష్ లెడ్జర్లోకి (పోర్టల్లో పన్ను కట్టడానికి మన డబ్బు ఉండే ఖాతా) రానేలేదు.

మా మరిది పచ్చళ్ళ వ్యాపారం పెడతానని వస్తే, ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట పట్టుకుని పక్క రాష్ట్రానికి పంపకు, అక్కడికి పంపే పచ్చళ్ళయితే మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ ఉండాలని ముఖం మీదే చెప్పేశారు. ఫీజు తీసుకోలేదు.

ఇక లోపాలు. ప్రతి నెలా 11 నుంచి 20 దాకా ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో కూడా అర్ధరాత్రి జవాబు. రెండో అంతస్తు, మెట్లు ఇరుకు, మా అత్తని తీసుకెళ్ళి చీవాట్లు తిన్నాను. నెలకి 1,500 ఫీజు, పాతాయన 600కే చేసేవారు, ఎలా చేశారో పైన రాశాను కదా. 5కి 4 స్టార్లు. రీఫండ్ ఇంకా రాలేదు, అది వీళ్ళ చేతిలో లేదు కాబట్టి అందుకు స్టార్ తగ్గించలేదు, తగ్గించింది ఫోన్‌కే.